తిథి తప్పని పాట

సెలవు చీటీలో ‘కారణం’ అని ఉన్నచోట ‘ఇంటి పని’ అని రాసి సంతకం పెట్టాను. ఇరవై రెండేళ్లుగా పాట కోసం పెట్టిన ప్రతి సెలవుకూ అదే కారణం రాస్తూ వచ్చాను. విజయవాడలో ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాను. పొద్దున పదికి వెళ్తే సాయంత్రం ఆరవుతుంది, నెలాఖరులో రాత్రి తొమ్మిది. ఆ తరవాత మిగిలిన నేను హార్మోనిస్టుని. పద్యనాటకాలకు వాయిస్తాను. ఒకప్పుడు ఏడాదికి పాతిక రాత్రులు వాయించినవాణ్ని, గడిచిన రెండేళ్లలో ఎన్నిసార్లు పెట్టె మూత తీశానో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తీరిక దొరికితే కూర్చుందాం అనుకుంటూనే రెండేళ్లు పోయాయి.

మా తబలా మిత్రుడు ఒక సాయంత్రం గట్టిగా చెప్పాడు. “కార్తీక అమావాస్యకు కారెంపూడి వెళ్లిరా. పల్నాటి వీరుల కథ పాడేవాళ్లను చూడు. వాళ్లలో పాట మీదే బతికేవాడు ఒక్కడైనా ఉన్నాడేమో అడుగు. ఎనిమిది వందల ఏళ్ల నాటి కథను వేరే పని చేసుకు బతికేవాళ్లు ఎట్టా నిలబెట్టుకున్నారో తెలుసుకుని వచ్చి నాక్కూడా చెప్పు.”

తెల్లవారుజామున నాలుగున్నరకు నరసరావుపేట బస్టాండులో దిగాను. మంచు పడుతోంది. ఒకప్పుడు అట్లూరనే ఊరు, మల్రాజు నరసారావు పేరు మీద నరసరావుపేట అయింది. 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లాకు ముఖ్యపట్టణం. టీకొట్టు దగ్గర ఒకాయన గ్లాసును రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. చెవి వెనకా మెడ మీదా నీలం రంగు ఇంకా పోలేదు. పక్కన బట్టల సంచిలోంచి కిరీటం అంచు కనిపిస్తోంది.

“రాత్రి రాయబారమా మాస్టారూ?” అన్నాను. ఆ రంగు చూశాక కృష్ణుడెవరో అడగక్కర్లేదు.

“రాయబారమే. మూడింటికి మంగళం పాడాం. తొమ్మిదికి బళ్లో బెల్లు” అన్నాడాయన. గొంతు బొంగురుగా ఉంది, ముఖం మాత్రం వెలిగిపోతోంది. ప్రభుత్వ బళ్లో తెలుగు చెబుతాడట. ఇరవై ఏళ్లుగా కృష్ణ వేషం.

హార్మోనియం వాయిస్తానని చెప్పగానే నా భుజం మీద చెయ్యేశాడు. ఆ అరగంటలో ఆయన చెప్పినవన్నీ నాకు పనికొచ్చే సంగతులే. ఆట ఉన్న మర్నాడు పాఠం గట్టిగా చెప్పడు. బల్ల మీద రాసి పిల్లల చేత చదివిస్తాడు. బడికి బండి మీద వెళ్తూ కింది స్థాయిలో ఓంకారం పట్టి గొంతు సర్దుకుంటాడు. మైకులు లేని కాలంలో ఆఖరి వరసకు వినపడాలని పెద్దవాళ్లు పై శ్రుతిలో పాడేవారు. మైకు వచ్చాక కూడా అదే శ్రుతి పట్టుకుని గొంతులు పోగొట్టుకున్న నటులను చూసి, ఈయన తన శ్రుతి కొద్దిగా తగ్గించుకున్నాడు. “పొద్దున పాఠం చెప్పాల్సిన గొంతు కదా, దాచుకోవాలి” అన్నాడు.

“ఆటలు ఎట్టా వస్తాయి మాస్టారూ ఈ రోజుల్లో?”

“తిరునాళ్ల కమిటీలు పిలుస్తాయి. శివరాత్రి, శ్రీరామనవమి, సంక్రాంతి, ఊరి కొలుపులు. ఒకప్పుడు కరపత్రం పంచేవాళ్లం, ఇప్పుడు ఫ్లెక్సీ, ఫోను. ఏది పెట్టినా పిలుపు వచ్చే దారి ఒకటే. పోయినేడు విన్నవాడు ఈ ఏడు ఇంకొకడికి చెప్పాలి. అందుకే ముందు వరసలో పదిమందే ఉన్నా పద్యం తగ్గించి పాడను.”

మా మాట కాటిసీను మీదికి మళ్లింది. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి నాటకంలో హరిశ్చంద్రుడు శ్మశానంలో నిలబడగానే జనం ఎదురుచూసేది జాషువా పద్యాల కోసం. 1895లో ఇక్కడికి దగ్గర్లోని వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా కూడా బడిపంతులే. పాఠాలు చెప్పుకుంటూ రాసిన ఆయన పద్యాలు తన నాటకం కాని నాటకంలోకి వెళ్లి, ఊరూరా రాత్రుళ్లు మారుమోగాయి. వాటిని అక్కడికి మోసుకెళ్లింది పాడినవాళ్ల గొంతులే.

బస్సు రాగానే మాస్టారు జేబులోంచి చిన్న పంచాంగం తీశాడు. పేజీ పేజీకీ సిరా గుర్తులు. “శివరాత్రికి కోటప్పకొండ కింద మా ఆట ఉంది. ఆ రాత్రికి హార్మోనియం కుదరలేదు. వస్తారా?”

“తీరిక చూసుకుని చెబుతాను మాస్టారూ” అన్నాను. ఆయన గుర్తు పెట్టకుండానే పంచాంగం మూసేశాడు.

* * *

కారెంపూడి దారంతా పత్తి తీతలు సాగుతున్నాయి. నడుముకు ఒడి కట్టుకుని ఆడవాళ్లు వరసలుగా చేలల్లోకి దిగుతున్నారు. మిరప పచ్చగా ఉంది. ఇళ్ల చుట్టూ ప్రహరీలకు బదులు నిలువుగా పాతిన నాపరాళ్లు. సాగర్ కుడి కాలువ నీళ్లు అందిన చోట వరి, అందని చోట రాయి. ఈ నేల మీద చెయ్యి ఖాళీగా ఉండే రోజులు తక్కువ.

ఊరు దగ్గర పడుతుండగానే పంబ వాద్యం మోత వినపడింది.

నాగులేటి ఒడ్డున కారెంపూడి. పన్నెండో శతాబ్దంలో మాచర్ల, గురజాల పక్షాలు తలపడి సర్వనాశనమైంది ఈ నేల మీదే. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు, కన్నమదాసు ఇక్కడ చరిత్ర పుస్తకంలోని పేర్లు కావు, ఇంట్లో పిల్లలకు పెట్టుకునే పేర్లు. కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు ఇక్కడ వీరుల ఆరాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఒక్కో రోజుకు ఒక్కో పేరు. కథలో ఏది ముందు జరిగిందో, ఏది తరవాత జరిగిందో అదంతా పక్కన పెట్టి, ఊరు తనకు తాను ఏర్పాటు చేసుకున్న వరస అది. నేను వెళ్లింది మందపోరు నాడు. చుట్టుపక్కల జిల్లాల నుంచి ఆ వీరులను కొలిచే వీరాచారవంతులు తమ తమ కొణతాలు మోసుకొచ్చారు. కొణతాలంటే వీరుల ఆయుధాలు. పసుపు రాసి, పూలు చుట్టి, నాగులేట్లో స్నానం చేయించి తెస్తారు. ఒక్కో ఆయుధానికి ఒక్కో వీరుడి పేరు, ఆ పేరును మోసే ఒక్కో కుటుంబం.

మధ్యాహ్నం చాపకూడు. అన్ని కులాలవాళ్లూ ఒకే చాప మీద కూర్చుని తినాలని బ్రహ్మనాయుడు పెట్టిన పద్ధతిగా దీన్ని ఇక్కడ చెప్పుకుంటారు. నేనూ వరసలో కూర్చున్నాను. నాకు ఒకపక్క ఒంగోలు వైపు నుంచి వచ్చిన రైతు, ఇంకోపక్క గుంటూరులో ఆటో నడిపే కుర్రవాడు. అన్నం కలుపుకుంటూ ఆ కుర్రవాడు కూనిరాగం తీస్తున్నాడు. అడిగితే, రాత్రికి వంత పాడాలన్నాడు.

రాత్రి కథ మొదలైంది. పంబ, తాళాలు, మేకతోలు తిత్తి శ్రుతి. కథకుడి చేతిలో కత్తి. కొలువులో నిలబడి అడుగు వేస్తూ, కత్తి తిప్పుతూ, ఒక చరణం తను అందుకుంటే వంతగాళ్లు దాన్ని నేల మీద పడనివ్వకుండా పట్టుకుంటున్నారు. తిత్తి శ్రుతికి నా చెవి అలవాటు పడటానికి కాసేపు పట్టింది. హార్మోనియం మెట్లలో దొరకని చోట వాళ్ల స్వరం నిలుస్తోంది. కథకుడు దాన్ని రాగమని పిలవడు, ‘దరువు’ అంటాడు, ‘ఎత్తుగడ’ అంటాడు. బాలచంద్రుడు తల్లి దగ్గర సెలవు తీసుకునే ఘట్టం వచ్చేసరికి నా పక్కన కూర్చున్న ముసలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఈ కథను ఎన్నిసార్లు విని ఉంటుందో.

ఈ పాట వయసు ఎంతో సాహిత్యం దగ్గర ఆధారం ఉంది. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్న ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు వీధుల్లో ఒక స్త్రీ పల్నాటి వీరుల కథను ద్విపదలో పాడే దృశ్యం ఉంది. ఆరు వందల ఏళ్ల కింద, ఈ ఊరికి అంత దూరాన, వాద్యం వాయిస్తూ ఒక ఆడమనిషి పాడుతుంటే వినేవాళ్లు ఒళ్లు మరిచిపోయారు. ఆమె పేరు ఎవరూ రాయలేదు. ఆ తరవాత శ్రీనాథుడి పేరుతో ద్విపద కావ్యం వచ్చింది. పల్నాటివాడైన అక్కిరాజు ఉమాకాంతం 1911లో దాన్ని అచ్చు వేయించారు. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ ఇక్కడికొచ్చి, అలిసెట్టి గాలెయ్య అనే వీరవిద్యావంతుడు పాడిన కథను రికార్డు చేసుకుని, ఇంగ్లీషులోకి మార్చి 1982లో పెద్ద పుస్తకంగా తెచ్చాడు. ఆ గ్రంథానికి మూలం ఒక పల్లెటూరి గాయకుడి గుండెలో ఉన్న పాఠం. కథను ఇలా తరాలుగా పాడుతూ వచ్చినవాళ్లు ప్రధానంగా మాలలు, కన్నమదాసును తమవాడిగా చెప్పుకునేవాళ్లు. పగలంతా ఒకరి చేలో, ఒకరి పనిలో వంగినవాళ్లే రాత్రి కత్తి పట్టుకుని నిటారుగా నిలబడి రాజులను నిలదీసే మాటలు పాడారు. ఆ నిటారుతనం చూడటానికే మళ్లీ రావాలనిపించింది నాకు.

* * *

తెల్లారి నాగులేటి ఒడ్డున పంబ వాయించిన పెద్దాయన కాళ్లు కడుక్కుంటూ కనిపించాడు. వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకుని ఉన్నాడు. పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీలో పనట. గోళ్ల సందుల్లో సున్నం తెలుపు నీళ్లు తగిలినా పోలేదు.

“పెద్దాయనా, పని మానుకుని అయిదు రోజులు వస్తారు గదా. ఎట్టా కుదురుతుంది?”

ఆయన నా వైపు వింతగా చూశాడు. “కుదిరేదేంది నాయనా? పని ఎప్పుడూ ఉంటది. ఈ అమావాస్య ఏడాదికి ఒక్కసారే వస్తది. పని కుదిరినప్పుడు వద్దామనుకుంటే మా తాతే వచ్చుండడు. ఆయన రాకపోతే మా నాయనకు రాదు. ఆయనకు రాకపోతే నా చేతిలో ఇది ఉండదు” అని పంబ మీద చెయ్యి వేశాడు.

“మిగతా రోజుల్లో సాధన?”

“బట్టీ దగ్గర పొయ్యి మండిందాకా కూసోవాల. అప్పుడు డబ్బా మీద వాయిస్తా. మా కుర్రోళ్లు అట్టనే నేర్చుకున్నారు.”

పక్కనే ఆయన కొడుకు, పాతికేళ్లవాడు, ఫోను ఛార్జింగుకు పెట్టి కాపలా కాస్తున్నాడు. హైదరాబాదులో ఒక గోదాములో పని. రాత్రి కథంతా రికార్డు చేసి, అందులోంచి అర నిమిషం ముక్కలు తీసి యూట్యూబులో, ఇన్‌స్టాగ్రాంలో పెడతాడట. తండ్రికి మొదట్లో అది నచ్చలేదు. తల ఒకచోట, మొండెం ఒకచోట పెడితే కథ బతుకుద్దా అని కోప్పడ్డాడు. తరవాత పోయినేడు ఒక జంట ఆ ముక్క చూసి ఖమ్మం నుంచి వచ్చి మూడు రాత్రులు నిద్రపోకుండా విన్నారు. “అర నిమిషం విన్నోడు రాత్రంతా కూసుంటానంటే పెట్టుకోమన్నా” అన్నాడు పెద్దాయన. కొడుకు కూడా ఒక నియమం పెట్టుకున్నాడు. ప్రతి ముక్క కిందా ఊరి పేరు, తిథి రాస్తాడు. చూసినవాడు ఎప్పుడు, ఎక్కడికి రావాలో తెలియాలి.

“అయిదు రోజులు సెలవిచ్చారా అబ్బాయ్?”

“జీతం కోస్తారు సార్. ఇస్తారు.”

“కారణం ఏం రాశావు?”

“పాడాలి అని రాశా. మా సూపర్‌వైజరు చదివి, ఏం పాడతావని అడిగాడు. అక్కడే నిలబడి వినిపించా. ఆయన కూడా ఈసారి ఆదివారం వస్తానన్నాడు.”

నాకు మాట రాలేదు. ఇరవై రెండేళ్లు, ఎన్నో చీటీలు, అన్నిట్లోనూ ‘ఇంటి పని’. మా ఆఫీసులో నలభై మందిమి. నేను హార్మోనియం వాయిస్తానని ఇద్దరికి తెలుసు. నాటకానికి జనం రావడం లేదని నేను చాలాసార్లు బాధపడ్డాను. పక్క కుర్చీలో కూర్చునే మనిషిని ఒక్కసారైనా పిలవలేదు.

* * *

మాచర్ల బస్సులో దుర్గి మీదుగా వెళ్తుంటే శ్రీనాథుడు గుర్తొచ్చాడు. ఇదే జిల్లాలోని కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి కొలువులో ఆయన విద్యాధికారి. అంటే రోజూ హాజరు కావాల్సిన ఉద్యోగి. కావ్యాలు ఆ కొలువు పక్కనే పుట్టాయి. భద్రాచల రామదాసు పాల్వంచ తహసీల్దారు. పల్నాటి యుద్ధాన్ని బుర్రకథగా చెప్పి ఊళ్లకు ఊళ్లు కదిలించిన షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషి, పూట గడవక కొంతకాలం దర్జీ పని చేశాడు. వంగపండు ప్రసాదరావు విశాఖ షిప్‌యార్డు కార్మికుడు. గద్దర్ 1975 నుంచి 1984 దాకా కెనరా బ్యాంకు గుమాస్తా. వీళ్లెవరికీ ఎవరూ తీరిక ఇవ్వలేదు.

తీరికను నమ్ముకున్న ఒక మహానుభావుడి సంగతి కూడా తలుచుకోవాలి. రష్యా స్వరకర్త అలెగ్జాండర్ బొరోదిన్ వృత్తిరీత్యా రసాయనశాస్త్ర ఆచార్యుడు. పాఠాలు, ప్రయోగశాల, విద్యార్థులు పోగా మిగిలిన సెలవుల్లో, ఒంట్లో బాగాలేని రోజుల్లో స్వరం కట్టేవాడు. ‘ప్రిన్స్ ఇగోర్’ అనే సంగీత నాటకాన్ని 1869లో మొదలుపెట్టి, 1887లో చనిపోయేనాటికి కూడా పూర్తి చేయలేకపోయాడు. పద్దెనిమిదేళ్లు. చివరికి మిత్రులు పూర్తి చేశారు. అంత ప్రతిభ ఉన్నవాడికే తీరిక చాలలేదు. సున్నపు బట్టీ పెద్దాయనకు ఆ ఇబ్బంది లేదు. ఆయన పాటకు ఒక తిథి ఉంది, ఒక చోటు ఉంది, రాకపోతే అడిగే మనుషులున్నారు. బట్టీ యజమాని మారొచ్చు, కూలి రేటు మారొచ్చు, అమావాస్య మారదు. పాటను తీరిక చేతిలో పెట్టకుండా తిథి చేతిలో పెట్టారు కాబట్టే ఇన్ని తరాలు దాటింది. మా మిత్రుడికి నేను చెప్పాల్సిన జవాబు ఇదే.

మాచర్లలో చెన్నకేశవస్వామి గుళ్లో దణ్ణం పెట్టుకుని, మధ్యాహ్నానికి అనుపు చేరాను. నాగార్జునకొండ లోయ సాగర్ నీటిలో మునుగుతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపారు. బయటపడ్డ ఇక్ష్వాకుల నాటి కట్టడాల్లో కొన్నిటిని ఇక్కడికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. వాటిలో ఒక రంగస్థలం ఉంది. నడుమ దీర్ఘచతురస్రం, నాలుగు వైపులా రాతి మెట్ల వరసలు. పదిహేడు వందల ఏళ్ల కింద ఈ నేల మీద మనుషులు పని ముగించుకుని వచ్చి కూర్చుని చూసిన, విన్న చోటు. ఆ మెట్లు ఎవరి కొలతకు కట్టారో గానీ, కూర్చుంటే ఇప్పటి మోకాళ్లకూ సరిపోయాయి.

ఎవరూ లేరు. నడుమకు దిగి నిలబడ్డాను. హార్మోనియం లేదు, శ్రుతి లేదు. కళ్లు మూసుకుని కాటిసీను పద్యం ఒకటి ఎత్తుకున్నాను. రెండేళ్లుగా పలకని గొంతు మొదటి పాదంలో తడబడింది. మూడో పాదానికి దారిలో పడింది. ఆఖర్న రాగం లాగి ఆపేసరికి రాళ్ల వైపు నుంచి చిన్నగా అదే స్వరం తిరిగొచ్చింది.

కళ్లు తెరిస్తే పై మెట్టు మీద ఒక మేకల కాపరి, ముసలాయన, కర్ర మీద గడ్డం ఆనించి కూర్చుని ఉన్నాడు.

“బాగుంది సామీ. రాత్రికి యాడ ఆట?” అన్నాడు.

ఆయన మామూలుగా అడిగాడు. పద్యం వినపడిందంటే ఎక్కడో ఆట ఉండే ఉంటుందనీ, ఊరు చెబితే తను నడిచి వస్తాననీ. ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అంత సూటిగా అడగలేదు.

“ఈ రాత్రికి లేదు తాతా. శివరాత్రికి ఉంది. కోటప్పకొండ కింద.”

“శివరాత్రికి మా మనవళ్లు ప్రభ కడతారు. అందరం వస్తాం” అని లేచి మేకలను అదిలించాడు.

అక్కడే మెట్టు మీద కూర్చుని నరసరావుపేట మాస్టారికి ఫోన్ చేశాను. సాయంత్రం బడి గంట వెనక నుంచి వినిపించింది. “మాస్టారూ, శివరాత్రికి నా పేరు రాసుకోండి.” అవతల పంచాంగం పేజీలు తిరిగిన చప్పుడు.

సోమవారం ఆఫీసులో మా అధికారి తలెత్తి, “ఇంటి పని అయిందా?” అన్నారు.

“ఇంటి పని కాదండీ. పాట వినడానికి వెళ్లాను. నేను హార్మోనియం వాయిస్తాను” అన్నాను. ఆయన కలం పక్కన పెట్టి, ఏం పాట, ఎక్కడ, ఎవరు పాడతారని అడిగారు. చెప్పాను. ఆ తరవాత శివరాత్రి సెలవుకు మర్నాటిది కూడా కలిపి చీటీ రాశాను. కారణం అన్నచోట ‘పాట’ అని రాసి, కింద ఊరి పేరూ తిథీ వేశాను.